ఎండబాధ ఎవరిది?

(చదువవలసిన భాగములు: మత్తయి సువార్త 20:1-16, యోనా 4వ అధ్యాయము)



మన ప్రాంతములో వేసవి ఎట్టిదో ఒకరు మరియొకరికి చెప్పనక్కరలేదు. మార్కాపురము మొదలుకొని కంభము, పొదిలి, కనిగిరి వరకు మెట్టనేల, రాతినేల. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. అయితే 2024వ సంవత్సరమున రోహిణి రావలెనని ఎండ కనిపెట్టలేదు. మే నెల మొదటి వారములోనే మన వైపు వేడిమి 45 డిగ్రీలు దాటినది. ఆ వారమున మన సంఘపు తోటలో జరిగినది మీలో అనేకులు ఎరుగుదురు. కాని అందులో మా తప్పు ఎంతవరకున్నదో మేమింతవరకు మీ ఎదుట చెప్పలేదు.

బంగళా వెనుకనున్న తోట రెండున్నర ఎకరములు. దానిని నాటినవారు ఇప్పుడు లేరు. నలువది మామిడిచెట్లు, ఇరువదిరెండు కొబ్బరిచెట్లు, గోడవెంట ముప్పది నిమ్మచెట్లు, నాలుగు సపోటాలు, బావి దగ్గర మునగ, కరివేప, వాటి నడుమ వంగ, బెండ, గోంగూర మడులు. ప్రతి సంవత్సరము మామిడికాపు గుత్తకిచ్చి, ఆ సొమ్ముతో సండే స్కూలు పిల్లలకు పుస్తకములు, సంఘములోని విధవరాండ్రకు క్రిస్మసు చీరలు కొనుట మనకు చాలకాలముగా వాడుక. కనుక తోట ఎండుట యనగా ఒక కాపరి ఇంటి ముందు పూలమొక్కలు ఎండుటవంటిది కాదు. ఈ మాట మేము ముందుగా ఎందుకు చెప్పుచున్నామనగా, ఆ దినమున మా మనస్సాక్షికి మేము చెప్పుకొన్న మాట సరిగా ఇదే.

వేసవిలో కాపు కాయుచున్న కొబ్బరిచెట్టుకు దినమునకు నలువది, ఏబది లీటర్ల నీరు కావలెను. పిందె గట్టిపడు దినములలో మామిడి పాదు బొత్తిగా ఎండిపోయి వడగాలి కొట్టెనా, తెల్లవారునప్పటికి చెట్టు క్రింద కాయలు పరచుకొని యుండును. ఆ వారము బోరుకు కరెంటు వచ్చు వంతు పగలు పదకొండు గంటలకు పడినది. మూడు దినములుగా ఏదో మరమ్మతు పేరుతో అదియు సరిగా రాలేదు. నాలుగవ దినమున పదకొండున్నరకు మోటారు తిరిగినది. తోటపని చేయు పెద్దాయనను మేము పిలిచితిమి. ఆయన వయస్సు అరువది దాటినది. మా కంటె ముందునుండి ఆ తోటలో ఉన్నవాడు.

"ఈ ఎండలోనా అయ్యగారూ?" అని ఆయన అడిగెను.

"కరెంటు మళ్లీ రేపు వస్తుందో రాదో పెద్దయ్యా. నీకు ఇబ్బందిగా ఉంటే వద్దులే," అంటిమి.

"పర్లేదండీ, నాకు అలవాటే," అని తలకు తువ్వాలు చుట్టుకొని పార తీసికొని వెళ్లెను.

మేము లోపలికి వచ్చి పంకా క్రింద కూర్చుండి ఆదివారపు ప్రసంగము వ్రాసికొనుచుంటిమి. ఒంటి గంటకు బోదె పొంగి నీళ్లు గుమ్మము దాక వచ్చినవి. పాదు నిండినను గండి కట్టి నీటిని మళ్లించలేదేమని విసుగుతో లేచి వెళ్లితిమి. విసుగుతోనే వెళ్లితిమని ఒప్పుకొనుచున్నాము. నిమ్మచెట్ల వరుస దగ్గర ఆయన బోదెకు అడ్డముగా పడి యుండెను. ఒళ్లు పెనమువలె కాలుచున్నది. చెమట లేదు. ఎప్పుడో చనిపోయిన తన అన్నను పేరు పెట్టి పిలుచుచున్నాడు.

అటు తరువాత జరిగిన దానిని క్లుప్తముగా చెప్పుదుము. నీడకు మోసికొనివచ్చి, చొక్కా విప్పి, ఒళ్లంతయు తడిగుడ్డలతో తుడుచుచు విసరుచు, 108కి ఫోను చేసితిమి. ఎవరో ఆయన నోట నీళ్లు పోయబోగా మా ఇంటివారు వారించిరి. తెలివి తప్పినవాని నోట నీరు పోసిన అది ఊపిరితిత్తులలోనికి పోవును. తెలివి ఉన్నవానికైతే లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవచ్చును. ఇది ప్రతి ఇంటివారు నేర్చుకొనదగినది. చెమట ఆగి, ఒళ్లు కాలుచు, మాట తప్పిపోయిన యెడల అది వట్టి నీరసము కాదు, ప్రాణాపాయము. 2015 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా వడగాడ్పులకు చనిపోయిన సంగతి మనము మరువలేదు. వారిలో ఎక్కువమంది ఎట్టివారో తెలిసికొనుటకు లెక్కలు చూడనక్కరలేదు. పంకా క్రింద కూర్చున్నవారు కారు.

దేవుడు కృప చూపెను. మూడు దినములు ఆసుపత్రిలో నుండి ఆయన ఇంటికి వచ్చెను. నెల దినములవరకు కాళ్లలో బలము లేదు.

మేము చూడబోయినప్పుడు, "ఇబ్బందైతే వద్దని నేను చెప్పితిని గదమ్మా," అని ఆయన భార్యతో అంటిమి. ఆమె నిందగా చెప్పలేదు. గిన్నె కడుగుచు, మా వైపు తిరుగకయే, "అయ్యగారు చెప్పాక కాదని ఎట్టా అంటాడండీ? ఆ పూట కూలి పోదా?" అనెను.

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేము బలవంతము చేయలేదు. అడిగితిమి. వద్దనుటకు త్రోవ ఉంచితిమి. ఆయన తన నోటితో ఒప్పుకొనెను. లోకములో న్యాయము చెప్పువారెవరైనను మమ్మును తప్పు పట్టరు. అయినను మా హృదయము మమ్మును తప్పు పట్టుచున్నది. ఎందుచేత? ఒక మనిషి సరే యన్నంత మాత్రముచేత ఆ పనిలోని కీడు పని చెప్పినవాని మీదనుండి దిగిపోవునా? వద్దన్నచో పొయ్యి వెలుగదను భయమున్నవాడు సరే యనినప్పుడు, అది ఆయన మాటయా, ఆయన ఆకలి మాటయా?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన తాతముత్తాతల కాలమున ఇది మన వాకిటనే నిలిచినది. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చినప్పుడు ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న జనులకు కూలి దొరకునట్లు చేసిరి. ఆ దినములలో వేలమంది బాప్తిస్మమియ్యుడని అడిగిరి. ఆయన ఇయ్యలేదు. పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యకుండ ఆపిరి. ఆత్మలను సంపాదించుటకే సముద్రము దాటి వచ్చిన మిషనెరీ అట్లు ఆపుట ఎంత కష్టమో ఆలోచించుడి. ఆకలిగొన్నవాని ఒప్పుకోలును అతని ఒప్పుకోలుగా ఎంచుటకు ఆయన భయపడెను. కూలి కొరకు, గంజి కొరకు చెప్పిన మాటను విశ్వాసపు మాటగా వ్రాసికొనుట ఆయనకు తగని పనిగా తోచెను. కాలువ పని ముగిసి, సహాయము పంచుట నిలిచిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన కంభము చెరువును నింపు గుండ్లకమ్మయే అది. ఆ 2,222 సంఖ్యను మనము జూబిలీ పండుగలలో ఎంతో సంతోషముతో చెప్పుకొందుము. దానికి ముందున్న పదునైదు నెలల నిరీక్షణను అంతగా చెప్పుకొనము.

అంత గొప్ప విషయములో ఆకలిగొన్నవాని 'సరే' చాలదని ఆయన ఎంచగా, పది మామిడిపాదులు తడుపుటకు మేము దానిని చాలుననుకొంటిమి.

వాక్యములో ఎండదెబ్బను గూర్చి వెదకితిమి. మేము అనేక పర్యాయములు ప్రసంగించియు గమనింపని సంగతులు కనబడినవి. షూనేమీయురాలి కుమారుడు కోతకోయువారియొద్దనున్న తండ్రి దగ్గరకు పొలమునకు వెళ్లి, తల పట్టుకొని మొరపెట్టి, మధ్యాహ్నమునకు తల్లి ఒడిలో చనిపోయెను (2 రాజులు 4:18-20). అది కోతకాలము, పొలము, నడిపగలు, తలనొప్పి. మన ఊరి తల్లి ఎవరైనను వెంటనే ఇది ఎండదెబ్బ అనును. మేము మాత్రము ఎలీషా చేసిన అద్భుతమునే బోధించితిమి గాని, కోతకోయుచున్న మిగిలినవారి తలలపై ఎట్టి ఎండ యున్నదో తలంచలేదు. అహాబు రాజు సంగతి మరియొకటి. మూడేండ్ల కరువులో అతడు దేశమంతట తిరిగెను. ఎవరికొరకు? గుఱ్ఱములకును కంచరగాడిదలకును గడ్డి దొరకునేమోయని (1 రాజులు 18:5). గుఱ్ఱములను బ్రతికించుట పాపము కాదు. కాని ఆ చోట ప్రజల మాట లేదు. ఆ వచనము చదివి ముందుకు పోలేకపోయితిమి. కాయలు రాలునని మేము మూడు రాత్రులు మేలుకొంటిమి. పెద్దాయన రేకుల ఇంట్లో ఆ మూడు రాత్రులు ఎట్లు నిద్రపోయెనో ఒక్కసారియు అడుగలేదు.

యోనా సంగతి ఇంకను దగ్గరగా తగిలినది. ఎండ తలకు తగిలి, వేడి తూర్పుగాలి కొట్టి, సొమ్మసిల్లి చావు కోరుకొన్న ప్రవక్త అతడు. అతనికి సొరచెట్టు మీద కనికరము కలిగినది, నీనెవె మీద కలుగలేదు. దేవుడు అతనికి గుర్తుచేసిన సంగతి యేమనగా, ఆ చెట్టుకొరకు అతడు కష్టపడలేదు, దానిని పెంచలేదు. ఇక్కడ మేము మొదట తప్పించుకొనజూచితిమి. మన తోటకొరకు మన పెద్దలు కష్టపడిరి, మనమును కష్టపడితిమి, కనుక దాని మీద మనకు ఎక్కువ దుఃఖము న్యాయమే గదా అనుకొంటిమి. తరువాత తట్టినది. కష్టపడినవారము మేము కాము. బోదెలు తీసినది, పాదులు కట్టినది, రాత్రివేళ పందులను తోలినది ఆ పెద్దాయన. మేము లెక్క వ్రాసినవారము. యోనాకు సొరచెట్టు ఎట్లో మాకు ఆ తోట అట్లే.

ఇక ద్రాక్షతోట పనివారి ఉపమానము. దీనిని మనము రక్షణను గూర్చిన బోధగానే చెప్పుచు వచ్చితిమి. అది సరియే. కాని ప్రభువు ఆ బోధకు ఎన్నుకొన్నది తోట, కూలి, ఎండ. వాటిని పొట్టువలె తీసి పారవేయవచ్చునా? ఉదయముననే వచ్చినవారి సణుగుడు ఏమిటి? దినమంతయు ఎండను భరించినవారము మేమే అని. ఆ మాటను యజమానుడు అబద్ధమనలేదు. సాయంకాలము అయిదు గంటలకు, చల్లపడిన వేళ, చివరివారు వచ్చిరి. వారును పూర్తి దేనారము తీసికొని ఇంటికి పోయిరి. దేనారము ఒక కుటుంబము ఒక దినము తినుటకు చాలిన కూలి. ఒక గంట పని చేసినవానికి పన్నెండవ వంతు ఇచ్చినచో ఆ రాత్రి వాని పిల్లలు పన్నెండవ వంతే తినవలెను. యజమానుడు గంటలను లెక్కించలేదు, ఇంటి పొయ్యిని లెక్కించెను.

మరియొకటి. ఆ యజమానుడు సంతవీధికి తానే వెళ్లెను. తెల్లవారుజామున, తొమ్మిదికి, పండ్రెండుకు, మూడింటికి, అయిదింటికి. పండ్రెండు గంటల ఎండలో ఆయన వీధిలో నున్నాడు. పంకా క్రింద లేడు.

ఇట్లు ఆలోచించి, 2025 వేసవికి ముందు పెద్దల సభలో ఒక మాట పెట్టితిమి. మార్చి నడుమనుండి తొలకరి వరకు తోటలో పని తెల్లవారి అయిదు మొదలు తొమ్మిది వరకే, మరల సాయంకాలము అయిదు తరువాత ఒక గంట. నడిమి పగలు ఎవరును, ఎట్టి అవసరమునకును, తోటలో అడుగు పెట్టరాదు. కూలి మాత్రము పూర్తి దినపు కూలి. ఈ మాట అడిగి ఒప్పించవలసినది కాదు. పెద్దాయన ఎండలో పోయెదనన్నను పోనీయరాదు.

వాదన చాలసేపు జరిగినది. ఇందులో మేము గెలిచితిమని వ్రాయుట లేదు. ఒక పెద్ద, "కరెంటు మధ్యాహ్నమే వస్తే ఎట్లా?" అనిరి. దీనికి జవాబు సులభముగా దొరికినది. బావి ప్రక్కన పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతున సిమెంటు తొట్టి కట్టించితిమి. సుమారు 6,800 లీటర్లు పట్టును. కరెంటు ఎప్పుడు వచ్చినను మోటారు తొట్టిని నింపును. మనిషి నీడలోనే యుండి మీట నొక్కును. తెల్లవారినప్పుడు తొట్టినుండి పాదులకు నీరు వదలవచ్చును. ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తోచలేదని మీరడుగవచ్చును. మేమును అడుగుకొంటిమి. ఎండలో నిలుచువాడు మేము కానందున తోచలేదు.

పైగా నడిపగటి తడి చెట్టుకును పెద్ద మేలు చేయదు. అంత ఎండలో నీరు చాలభాగము ఆవిరియై పోవును. వేడిమి మితిమీరినప్పుడు ఆకు తన సన్నని రంధ్రములను మూసికొని, లోపలి తడిని కాపాడుకొనుచు, పని తగ్గించుకొనును. దేవుడు చేసిన చెట్టు నడిపగలు విశ్రమించుచుండగా, దానికి నీళ్లు మోయుటకు మేము మనిషిని పంపితిమి.

పాదులలో ఎండుటాకు, వరిగడ్డి, వేరుసెనగ పొట్టు జానెడు మందమున పరపించితిమి. చిన్న మొక్కల మొదట కాల్చిన మట్టికుండలు మెడవరకు పాతి నీరు నింపితిమి. నీరు కుండ గోడలనుండి ఊరుచు మూడు దినములు వేరుకు అందుచుండును. మామిడి మొదళ్లకు సున్నము పూసితిమి. వీటివలన తడులు తగ్గినవి. అయినను అయిదు గంటలలో రెండున్నర ఎకరములకు చాలినంత పని జరుగదు. కూరమడులను మార్చిలోనే మానివేసితిమి. నిమ్మచెట్లకు పదిదినములకొకసారి తప్ప నీరియ్యలేదు. ముప్పదింటిలో పదకొండు చచ్చినవి. ఒక కొబ్బరిచెట్టు మొవ్వు ఎండినది. మామిడికాయ చాల రాలినది. గుత్తదారు చూచి, తల ఆడించి, అంతకు ముందటి సంవత్సరపు సొమ్ములో సగమే ఇచ్చెను.

ఇక్కడనే మా మనస్సు మరల చిక్కులో పడినది. కూలి తగ్గలేదు, ఆదాయము సగమైనది. ఆ లోటు ఎవరి మీద పడినది? విధవరాండ్ర చీరల మీద. బంగళా ఇంటికి వాడుకగా వచ్చు కాయలలో మా వంతును అమ్మి ఆ పద్దులో వేసితిమి. కాని అది ఎంత? పందొమ్మిది మందిలో పదిమందికి చీరలు కొనగలిగితిమి, తొమ్మిది మందికి కొనలేకపోయితిమి. ఒక పేదవాని ఎండను తీసి మరియొక పేదరాలి చలిలో వేసితిమా అని ఒక పెద్ద సభలోనే అడిగిరి. ఆయన ఎగతాళి చేయలేదు. న్యాయమైన ప్రశ్న అడిగిరి. మేము అప్పుడు చెప్పినది, ఇప్పటికిని చెప్పగలిగినది ఇంతే: చీర లేకపోవుట లోటు, దానిని వచ్చే సంవత్సరము తీర్చవచ్చును. బోదెలో పడిన మనిషి లేవకపోయిన దానిని తీర్చు సంవత్సరము రాదు. ఈ జవాబు మాకు చాలినది, చీర రాని ఆ తొమ్మిది మందికి చాలినదో లేదో మేము చెప్పలేము.

కొందరు చిన్న రైతులు కూడ నొచ్చుకొనిరి. మన సంఘములో కౌలుకు రెండెకరముల మిరప వేసిన సహోదరుడొకడు ఆరాధన తరువాత మా యొద్దకు వచ్చి, "మీరు అట్లా ఇస్తే కూలీలు మమ్మల్ని కూడా అడుగుతారు అయ్యగారూ. నేను అప్పు తెచ్చి కూలి ఇచ్చేవాణ్ణి," అనెను. అతడు చెప్పినది నిజము. అతనికిని ఆకలి యున్నది, అతడును ఎండలోనే యున్నాడు. అతనితో మేము వాదించలేదు. మిరపకోతను వేకువనే ఆరంభించి పది గంటలకు ఆపి, చల్లపడిన తరువాత మరల ఆరంభింపగలవా అని మాత్రము అడిగితిమి. చేను గట్టున తాటాకు పందిరి వేసి, కుండలో నీళ్లు పెట్టుటకు అప్పు అక్కరలేదు గదా అంటిమి. దప్పిగొన్నప్పుడు పనివారు చేదిన నీళ్లు త్రాగుమని బోయజు రూతుకు చెప్పెను (రూతు 2:9). బోయజు ధనవంతుడే. అయినను ఆ నీళ్లకు అతనికి ఏమి ఖర్చైనది? సహోదరుడు పందిరి వేసెను. పనివేళలు మాత్రము మార్చలేకపోయితినని చెప్పెను. కోతకు వచ్చు స్త్రీలు ఆటోలో ఇతర గ్రామములనుండి రావలెను, ఆటో తెల్లవారుజామున దొరకదు. 2005 చట్టము క్రింద జరిగిన ఉపాధిహామీ పనులలో వేసవిలో జనులు చీకటితోనే పోయి ఎండ ముదరకముందే తిరిగివచ్చుట మనము చూచితిమి. పది మంది కలిసి ఒక్క ఊరినుండి కదలినప్పుడు అది సాధ్యమైనది. ఒక్క రైతు, ఒక్క ఆటో అయినప్పుడు కష్టము.

మన సంఘస్థులలో సగము మందికి ఎండలో నిలువనిదే అన్నము లేదు. వారితో ఎండలో తిరుగకుడని చెప్పుట ఆకలిగొన్నవానితో ఉపవాసపు మేలు చెప్పుటవంటిది. అందుచేత మేము ఈ మాట వారికి చెప్పుట లేదు. పని చెప్పువారికి చెప్పుచున్నాము. అది పెద్ద తోటయైనను, మిరపచేనైనను, ఇటుకబట్టీయైనను, ఇంటి పైకప్పు పనియైనను అంతే. మనలో అనేకులు ఒక దినము పని చేయువారు, మరియొక దినము పని చెప్పువారు. ఏ దినమున ఏ చోట నున్నామో చూచుకొనవలెను. చట్టములో లేదు గదా, అతడే ఒప్పుకొనెను గదా అను మాటలు మనుష్యుల ఎదుట చాలవచ్చును. కోత కోసినవారి కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవులకు చేరినవని యాకోబు వ్రాసిన చోట (యాకోబు 5:4) ఆ పనివారు ముందుగా కూలికి ఒప్పుకొనిరా లేదా అను విచారణ కనబడదు.

పెద్దాయన మాటయు వ్రాయవలెను. ఈ ఏర్పాటు ఆయనకు ఇష్టము లేదు. మొదటి వారము కూలి చేతికిచ్చినప్పుడు లెక్కించి, సగము బల్లమీద పెట్టి, "అయిదు గంటల పనికి ఇంత ఎందుకండీ? ఊరికే తీసుకుంటే నాకు నిద్ర పట్టదు," అనెను. ద్రాక్షతోట ఉపమానము చెప్పితిమి. ఆయన ఓపికగా వినెను. "అది పరలోకం మాటండీ," అనెను. బలవంతముగా డబ్బు జేబులో పెట్టి పంపితిమి. ఒకని ప్రాణమును కాపాడబోయి అతని పరువును నొప్పించితిమేమో అను సందేహము అప్పుడు కలిగినది. ప్రభువు చెప్పిన ఆ చివరి పనివారు కూడ ఆ దేనారము తీసికొనునప్పుడు కొంత సిగ్గుపడిరేమో. వాక్యము ఆ సంగతి చెప్పలేదు.

తరువాతి సోమవారమునుండి ఆయన ఒక ఏర్పాటు తానే చేసికొనెను. తొమ్మిదికి తోటపని చాలించి, వేపచెట్టు నీడన చాప వేసికొని, రాలిన కొబ్బరిమట్టల ఈనెలు చీల్చి చీపుర్లు కట్టును. పీచు నానవేసి త్రాళ్లు పేనును. పిల్లలు వచ్చినచో కథలు చెప్పును. పన్నెండింటికి కునుకు తీయును. వేసవి ముగియునప్పటికి గుడికి, బడికి, బంగళాకు చాలినన్ని చీపుర్లు కట్టి, మిగిలినవి స్త్రీల సమాజమువారికిచ్చెను. వారు వాటిని సంతలో అమ్మి, చీర రాని తొమ్మిది మందిలో ఇద్దరికి చీరలు కొనిరి. ఆయనకు ఆ సంగతి చెప్పగా, "మిగతా ఏడుగురికి వచ్చే ఏడు చూద్దాం," అనెను.

ఈ సంవత్సరము తొట్టి దక్షిణపు గోడ బీటవారినది. బాగుచేయుటకు మేస్త్రీని పిలిపించితిమి. అతడు తన వాడుకచొప్పున పది గంటలకు వచ్చెదననెను. పెద్దాయన మా కంటె ముందుగా అందుకొని, "పదింటికి కాదయ్యా, అయిదింటికి రా. తొమ్మిదికల్లా పోదువుగాని. కూలి మాత్రం పూర్తిగా ఇస్తారు, ఇక్కడ అంతే," అనెను. మేస్త్రీ నమ్మక మా ముఖము చూచెను. అవునని తల ఊపితిమి. మరునాడు తెల్లవారుజామున చీకటిలో టార్చిలైటు పట్టుకొని ఇద్దరును తొట్టిలోనికి దిగిరి.